తారు రోడ్డు మిక్స్‌లో కొబ్బరి పీచు, జనపనార కలిపితే పనికొస్తాయా?

మీరు అడిగినవి మూడు. తారు మిక్స్‌లో మొక్కల నారలు కలిపితే రోడ్డు బలపడుతుందా? తారు, కంకర వేడిగా కలిపే ప్లాంట్‌లో ఆ వేడికి అవి కాలిపోవా? ఆ రెండూ దాటినా నాలుగు వానలకి కుళ్లిపోవా? చివరి సంవత్సరం ప్రాజెక్టు కోసం అన్నారు కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నా. నేను మిక్స్ డిజైన్ ల్యాబ్‌లో, ఆ తర్వాత హాట్ మిక్స్ ప్లాంట్‌లో పనిచేశాను.

కలపొచ్చు. కాకపోతే కాంక్రీటులో ఇనుప చువ్వల్లా నార రోడ్డుకి బలమిస్తుందని మీరు రాసిన వాక్యం తీసేయండి. నార చేసే మొదటి పని తారుని జారిపోకుండా పట్టి ఉంచడం. బలం, పగుళ్లు తగ్గడం లాంటివి వస్తే ఆ తర్వాతే వస్తాయి.

ఇది బాగా తెలిసేది స్టోన్ మ్యాట్రిక్స్ ఆస్ఫాల్ట్‌లో. అందరూ ఎస్‌ఎంఏ అంటారు. 1960లలో జర్మనీలో పుట్టింది. మంచు కోసం మేకులు దిగ్గొట్టిన టైర్లు రోడ్డుని గీకేస్తుంటే, తట్టుకోవడానికి పెద్ద కంకర ఎక్కువగా వేసి, రాయి మీద రాయి ఆనుకునేలా ఈ మిక్స్ చేశారు. మధ్య సైజు రాళ్లు బాగా తక్కువ. ఖాళీలని నింపేది తారు, ఫిల్లర్ (మెత్తటి రాతి పొడి లాంటిది) కలిసిన చిక్కటి ముద్ద. అన్ని సైజుల రాళ్లూ ఉండే మామూలు డెన్స్ మిక్స్‌లో తారు 5 శాతం చుట్టుపక్కల ఉంటే, ఇందులో 6 శాతం దాటుతుంది. వేడిగా ఉన్నప్పుడు అంత తారు రాళ్లకి అంటుకుని ఉండదు, లారీ అడుగుకి దిగిపోతుంది. అలా దిగిన మిక్స్‌ని పరిస్తే ఒకచోట ఎండు రాళ్లు, ఇంకోచోట నల్లగా మెరిసే తారు మచ్చలు. నేను పనిచేసిన ఒక రోడ్డు మీద నార వేసే ఫీడర్ మధ్యలో ఆగిపోయింది. ఎక్కడ ఆగిందో కాగితం చూడక్కర్లేకుండా రోడ్డు మీద మచ్చలే చూపించాయి.

మొదట్లో ఈ పనికి ఆస్బెస్టాస్ వాడారు. ఆరోగ్యానికి ప్రమాదమని దాన్ని వదిలేశాక సెల్యులోజ్ నార వచ్చింది. అంటే మొక్కల నార తారులోకి రావడం కొత్త సంగతేమీ కాదు. ఇప్పుడు మామూలుగా వేసే మోతాదు మిక్స్ బరువులో 0.3 శాతం, టన్నుకి 3 కిలోలు. ఆ సెల్యులోజ్ తన బరువుకి దాదాపు 5 రెట్లు నూనె పీల్చుకోవాలన్నది కొనేటప్పుడు చూసే పరీక్షల్లో ఒకటి. మీ కొబ్బరి పీచుకీ, జనపనారకీ, కిత్తనారకీ మొదట ఈ పరీక్షే చేయండి. ముతక పీచు ఇక్కడే వెనకబడుతుంది, ఎందుకంటే అదే బరువుకి దాని ఉపరితలం తక్కువ.

తర్వాత డ్రెయిన్‌డౌన్ పరీక్ష, అంటే తారు ఎంత కారిపోతుందో చూడటం. ఆష్టో (అమెరికా రోడ్ల ప్రమాణాల సంస్థ) టీ 305 పద్ధతిలో మిక్స్‌ని తీగబుట్టలో పోసి గంటసేపు ఓవెన్‌లో ఉంచి, కిందకి కారింది తూకం వేస్తారు. ప్లాంట్‌లో మిక్స్ తయారయ్యే వేడి దగ్గర ఒకసారి, దానికి 15 డిగ్రీలు పైన ఇంకోసారి. 0.3 శాతం మించి కారకూడదు. నార లేని మిక్స్‌కి కూడా ఇదే చేసి పక్కన పెట్టండి. అది లేకపోతే మీ రిపోర్టులో పోల్చడానికి ఏమీ ఉండదు.

ఇక అసలు తలనొప్పి తేమ, ఉండలు కట్టడం. ఏ మొక్క నార అన్నదాని కంటే ఈ రెండే ఎక్కువ ఇబ్బంది పెట్టాయి. ఓవెన్‌లో ఆరబెట్టి బయట వదిలేస్తే నార గాలిలోని తేమని మళ్లీ పీల్చేస్తుంది. ఆ తేమ వేడి కంకర తగలగానే ఆవిరవుతుంది, తారు రాయికి సరిగ్గా అంటదు. ఆరబెట్టాక మూతపెట్టిన డబ్బాలో ఉంచి, కలిపే ముందే తీయండి. పొడవు విషయానికొస్తే, పొడుగు నార బలమని చాలామంది అనుకుంటారు. మిక్సర్‌లో అదే ముందు చుట్టుకుపోతుంది. కొన్ని మిల్లీమీటర్లకి కత్తిరించి, వేళ్లతో విడదీసి, తారు పోయకముందే వేడి కంకరలో పొడిగా కలపండి. ఆ తర్వాతే తారు. కలిపిన మిక్స్‌ని ట్రేలో పరిచి ఉండల కోసం వెతకండి. పొడి ఉండ ఒక్కటి కనిపించినా ఆ నమూనా ఫలితాన్ని నేనైతే నమ్మను. సోడియం హైడ్రాక్సైడ్‌లో నానబెడితే నార మీది మైనం, కొంత హెమీసెల్యులోజ్ (సెల్యులోజ్‌తో పాటు నారలో ఉండే ఇంకో పదార్థం) పోయి గరుకవుతుంది, తారు బాగా పడుతుంది. తర్వాత క్షారం పోయేదాకా కడగాలి. శుద్ధి చేసిందీ చేయనిదీ రెండూ పెట్టి చూడండి.

వేడి గురించి అంత టెన్షన్ వద్దు. మిక్స్ తయారయ్యేది 150 నుంచి 170 డిగ్రీల మధ్య. నారలోని సెల్యులోజ్, హెమీసెల్యులోజ్ విరగడం మొదలయ్యేది 200 దాటాక. కానీ తిరిగే డ్రమ్ములోనే వేడిచేసి కలిపే డ్రమ్ ప్లాంట్‌లో మంట ఉన్న వైపు నుంచి వేస్తే మిగిలేది బూడిదే. మంటకి దూరంగా వేయాలి, విడతలవారీగా కలిపే బ్యాచ్ ప్లాంట్ అయితే నేరుగా పగ్‌మిల్‌లో, అంటే కలిపే తొట్టిలో.

కుళ్లడం కూడా తారు పొర ఎంత బాగా పట్టిందన్నదాన్ని బట్టే. గట్టిగా రోల్ చేసిన మిక్స్‌లో పూర్తిగా తారు పట్టిన నారకి నీళ్లు అందడం కష్టం. సరిగ్గా తారు పట్టని నార మాత్రం నీటికి దారి చూపిస్తుంది. అందుకే నీళ్లలో నానబెట్టిన నమూనా, నానబెట్టనిది ఎంత బలానికి చీలుతాయో పోల్చే టీఎస్‌ఆర్ పరీక్ష వదలకండి. నానినదాని బలం నాననిదాని బలంలో 80 శాతానికి తగ్గకూడదన్నది ఎక్కువగా వాడే హద్దు.

మామూలు డెన్స్ మిక్స్‌లో వేస్తారా? అక్కడ కారిపోయే తారే పెద్దగా ఉండదు, పైగా నారని తడపడానికి ఇంకొంచెం తారు కావాలి. మోతాదు పెంచేకొద్దీ రోలర్ కింద మిక్స్ గట్టిగా ఎదురుతిరుగుతుంది, ఖాళీలు పెరుగుతాయి, ఒక దశ దాటాక మార్షల్ స్టెబిలిటీ (ల్యాబ్‌లో నమూనా తట్టుకునే గరిష్ఠ భారం) పడిపోతుంది. 0.1 నుంచి 0.5 శాతం దాకా మెట్లుగా వేసి, ప్రతి మోతాదుకీ సరిపడే తారు శాతం విడిగా తేల్చుకోండి. అన్నిటికీ ఒకే తారు శాతం పెట్టేస్తే ఆ గ్రాఫ్‌తో ఏమీ తేలదు.

పాత గోనె సంచులు చించి వాడొచ్చా అని కూడా అడిగారు. ప్రాజెక్టుకి వద్దు. వాటిలో నూనె, దుమ్ము, ప్లాస్టిక్ దారం ఉంటాయి, ఒక సంచి ఇంకో సంచిలా ఉండదు. ముందు శుభ్రమైన నారతో ఫలితం తెచ్చుకోండి.