చిన్నికి, నాలుక తీగల గురించి

చిన్నీ,

ఉద్యోగం మానేసి టంగ్ టై, లిప్ టైల కోసమే, అంటే నాలుక కిందో పెదవి లోపలో ఉండే సన్నటి తీగ బిగుసుకున్న పిల్లల కోసమే, సొంతంగా క్లినిక్ పెడుతున్నావని, ఆ తీగ తెంపే లేజర్ మిషన్‌కి అడ్వాన్స్ కూడా కట్టేశావని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. దాని గొంతులో ఒకటే సంబరం. నాకూ సంతోషంగానే ఉంది. ఆరేళ్లప్పుడు నా క్లినిక్‌లో ఓ మూల కూర్చుని బొమ్మ నోట్లోకి టార్చి వేసి చూసి, "దీనికి నాలుకే లేదు పెద్దమ్మా" అని వెక్కి వెక్కి ఏడ్చినదానివి. ఇవాళ నాలుకల డాక్టరమ్మవి అయ్యావు. కానీ ఫోన్ పెట్టేశాక రాత్రంతా నిద్ర పట్టలేదు. ఆ టెన్షన్ ఏమిటో ఫోన్‌లో చెప్తే "సరే పెద్దమ్మా, సరే" అంటావు. అందుకని రాస్తున్నాను.

నీకు తెలిసినవి మళ్లీ చెప్పి విసిగించను. రక్తం గడ్డకట్టేందుకు పుట్టగానే ఇచ్చే విటమిన్ కె ఇంజెక్షన్ పడిందో లేదో అడుగు. ఇంట్లో ఎవరికైనా రక్తం త్వరగా గడ్డకట్టని జబ్బు ఉందేమో అడుగు. నాలుక కింద రెండు పక్కలా లాలాజలం వచ్చే నాళాలుంటాయి, వాటి జోలికి పోకు. రక్తం ఆగిందని నీ కళ్లతో చూశాకే బిడ్డని ఇంటికి పంపు. పసిబిడ్డలు రక్తాన్ని మింగేస్తారు, బయటికి కనపడదు. రెండేళ్లలోపు పిల్లలకి మొద్దుబార్చే బెంజోకైన్ జెల్ వద్దు. కింది దవడ మరీ చిన్నగా, గడ్డం లోపలికి పోయినట్టున్న బిడ్డ వస్తే అసలు కత్తెర ముట్టుకోకు. అలాంటి బిడ్డకి నాలుక వెనక్కి పడి ఊపిరికి అడ్డం రావచ్చు, దాన్ని ముందుకు పట్టి ఉంచుతున్నది ఆ తీగే కావచ్చు.

ఇక తిట్లు. బోర్డు మీద టంగ్ టై పక్కనే లిప్ టై అని కూడా రాయిస్తున్నావట. ఎందుకే? పైపెదవి లోపల తీగ లేని పసిబిడ్డని నువ్వెప్పుడైనా చూశావా? చాలామందిలో అది చిగుళ్ల అంచు దాకా వస్తుంది. బిడ్డతోపాటు దవడ ఎదిగేకొద్దీ అదే పైకి జరిగినట్టవుతుంది. ముందు పళ్ల మధ్య సందు చూసి తల్లిదండ్రులు కంగారు పడతారు. పదకొండు, పన్నెండేళ్లకి శాశ్వత కోరపళ్లు వచ్చేసరికి ఆ సందు చాలావరకు దానంతటదే మూసుకుంటుంది. అప్పటికీ మిగిలితే పళ్ల వరస సరిచేసే ఆర్థోడాంటిస్టుతో కూర్చుని మాట్లాడొచ్చు. ఏడాది నిండని బిడ్డ పెదవి కాల్చాల్సిన తొందర ఏముంది? అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2024లో ఇచ్చిన రిపోర్టు నువ్వూ చదివే ఉంటావు. పాలు తాగడం బాగుపడుతుందని పెదవి తీగ తీయడానికి సరైన ఆధారం లేదనే కదా అందులోనూ ఉంది! కత్తెర కన్నా లేజర్ మేలని తేలలేదని కూడా ఉంది. ఆ పేజీ దాటేసి అడ్వాన్స్ కట్టావా ఏమిటి? ఒకప్పుడు మంత్రసానులు గోరు పెంచుకుని దాంతోనే తెంపేసేవారట. గోరు పోయి కత్తెర వచ్చింది, కత్తెర పోయి లేజర్ వచ్చింది. ఎవరికి తెంపాలన్న తగువు మాత్రం అప్పటిదే. నెలనెలా వాయిదాలు కట్టాల్సిన మిషన్ గదిలో ఉంటే ప్రతి తీగా బిగుతుగానే కనపడుతుంది, నా మాట నమ్ము.

అసలు తెంపొద్దని కాదు నేను అనేది. నా మొదటి కేసు నాకింకా కళ్లకు కట్టినట్టుంది. పదకొండు రోజుల బిడ్డ. నాలుక చాపితే కొస హృదయం ఆకారంలో నొక్కుకుపోయేది, చిగుళ్లు దాటి రాలేకపోయేది. పాలిచ్చేటప్పుడు ఆ తల్లి కాలివేళ్లు ముడుచుకుని ఊపిరి బిగబట్టేది. పుట్టినప్పటి బరువు కూడా తిరిగి రాలేదు. బిడ్డని గుడ్డలో చుట్టి, గ్రూవ్డ్ డైరెక్టర్‌తో, అదే మధ్యలో చీలిక ఉన్న ఆ చిన్న పరికరంతో, నాలుక ఎత్తి, ఒక్క కత్తిరింపు. రెండు మూడు చుక్కల రక్తం. వెంటనే తల్లి ఒళ్లో పెట్టాం. కాసేపటికి ఆవిడ భుజాలు కిందికి దిగడం చూశాను. "నొప్పి లేదండీ" అంది, నమ్మలేనట్టు. అందరికీ అలా జరగదు. జరిగిన ట్రయల్స్ అన్నీ కలిపి చూసిన 2017 నాటి కాక్రేన్ సమీక్షలో ఐదు ట్రయల్స్, 302 మంది బిడ్డలు. తల్లి నొప్పి కొన్నాళ్లపాటు తగ్గిందని తేలింది గానీ, బిడ్డ తాగడం మెరుగైందని నిలకడగా తేలలేదు. కానీ ఆ "నొప్పి లేదండీ" ఒక్కసారి వింటే మళ్లీ మళ్లీ వినాలనిపిస్తుంది. నేను ఆ రుచి మరిగాను. అక్కడే దెబ్బతిన్నాను.

అప్పుడు నాది ఇంచుమించు నీ వయసే. రెండున్నరేళ్ల పిల్లాణ్ణి తీసుకొచ్చారు. ఇంకా ఒక్క మాటా రాలేదు. నాలుక కింద నరం కోయిస్తే మాటలొస్తాయని ఎవరో చెప్పారట. నోరు తెరిపించి చూశాను. తీగ కొంచెం ముందుకే ఉంది. కానీ పిల్లాడు నాలుక బయటపెట్టి నన్ను వెక్కిరించాడు కూడా, కింది పెదవి దాటి వచ్చింది. అంటే అడ్డేమీ పెద్దది కాదు. అది చూశాను, చూసి కూడా "అవును, ఇదే" అన్నాను.

ఇంకొకటి కూడా చూశాను. నేను కేస్ షీట్ రాసుకుంటుంటే నర్సు చేతిలోంచి స్టీలు ట్రే జారి ఫ్లోర్ మీద పడింది. తల్లి ఉలిక్కిపడింది. నా పెన్ను గీత తప్పింది. పిల్లాడు మాత్రం పైనున్న లైటు వైపే చూస్తున్నాడు, రెప్ప కూడా కొట్టలేదు. నేనేమనుకున్నానో తెలుసా? "ఎంత నెమ్మదైన పిల్లాడో" అనుకున్నాను.

ఆ వయసు పిల్లలు కదలకుండా ఉండరు కాబట్టి మత్తిచ్చి చేశాం. చక్కగా మానింది. "ఇక మాటలొస్తాయి, ఓపిక పట్టండి" అని చెప్పి పంపాను. వాళ్లు ఓపిక పట్టారు. పదకొండు నెలలు. ఆ తర్వాత ఒకరోజు ఆ తల్లి మళ్లీ వచ్చింది, కోపంతో కాదు. రోజూ రాత్రి వాణ్ణి అద్దం ముందు కూర్చోబెట్టుకుని "లలలా" అనిపిస్తున్నానని చెప్పింది. వాడు నాలుక బాగానే ఆడిస్తాడట, శబ్దమే రాదట. అప్పుడు అడిగింది, "మొదటిసారి సరిపోలేదేమో డాక్టరుగారూ, ఇంకొంచెం కోస్తారా?"

నాకప్పుడు ట్రే గుర్తొచ్చింది. వాడి వెనక్కి వెళ్లి చప్పట్లు కొట్టాను. వాడు తిరగలేదు. శబ్దం చెవి నుంచి మెదడుకి చేరుతోందో లేదో చూసే బెరా టెస్టుకి పంపితే రెండు చెవులకీ తీవ్రమైన వినికిడి లోపం ఉందని తేలింది. చెవి మెషిన్లు పెట్టారు, థెరపీ మొదలైంది, వాడు నెమ్మదిగా కొన్ని మాటలు నేర్చుకున్నాడు. కానీ మాట నేర్చుకోవడానికి మెదడు అంత తెరుచుకుని ఉండే వయసులో పదకొండు నెలలు నా మాట నమ్మి పోగొట్టుకున్నారు. ఆ తల్లికి "పొరపాటు నాదమ్మా" అని చెప్పలేదు చిన్నీ. "ఎందుకైనా మంచిది, చెవులు కూడా చూపిద్దాం" అన్నాను, ఏదో అప్పుడే తట్టిన ఆలోచనలాగా. ఆవిడ నాకు థాంక్స్ చెప్పి వెళ్లింది.

అందుకే మాటలు రాలేదంటూ ఎవరొచ్చినా ముందు చెవుల పరీక్ష, తర్వాత స్పీచ్ థెరపిస్టు, ఆ తర్వాతే నువ్వు నోరు తెరిపించు. తీగ బిగుతుగా ఉంటే ల, ర, త, ద లాంటివి కొంచెం తేడాగా పలకొచ్చేమో గానీ, అసలు మాటే రాకపోవడానికి తీగ కారణం కాదు. పాలు తాగట్లేదని వచ్చినవాళ్లనీ అంతే, ఎవరో పంపిన ఫొటో చూసి డేట్ ఇవ్వకు. తల్లి మొదలుపెట్టిన దగ్గర్నుంచి బిడ్డ వదిలేదాకా పాలిచ్చేది పూర్తిగా చూడు, పక్కన పాలిచ్చే పద్ధతి నేర్పే లాక్టేషన్ కన్సల్టెంట్ ఉంటే ఇంకా మంచిది. చాలాసార్లు పట్టుకునే తీరు మారిస్తేనే సర్దుకుంటుంది. తీగ కనపడే బిడ్డల్లో సగానికి పైగా పాలు తాగడానికి ఏ ఇబ్బందీ ఉండదు. అరగంట పడుతుందని విసుక్కోకు, నువ్వు చిన్నప్పుడు ఒక్కో ముద్దకీ అంతసేపు తీసుకునేదానివి, మేమెవరం విసుక్కోలేదు.

తెంపాక రోజుకి ఇన్నిసార్లని వేలు పెట్టి గాయం సాగదీయమని తల్లులకి కాగితం ఇస్తారు కొందరు. ఆ పని చేయించకు. దానివల్ల మేలని తేలలేదు, నోట్లో ఏది పెట్టినా మూతి బిగించుకునే పిల్లల్ని మాత్రం నేను చూశాను. గాయం తెల్లగా, పసుపుగా వజ్రం ఆకారంలో కనపడుతుందని, అది చీము కాదని ముందే చెప్పు, లేకపోతే అర్ధరాత్రి ఫోన్లు నీకే.

నా పాత గ్రూవ్డ్ డైరెక్టర్ కొరియర్లో పంపుతున్నాను, ఇంకా తుప్పు పట్టలేదు. లేజర్ వద్దనుకుంటే ఆ అడ్వాన్స్ వెనక్కి వస్తుందేమో కనుక్కో, రాకపోతే నాకు ఫోన్ చెయ్యి, ఏదోకటి చూద్దాం. ఓపెనింగ్‌కి తప్పకుండా వస్తాను.

ఈ ఉత్తరం మీ అమ్మకి చూపించకు. ఆ పిల్లాడి సంగతి దానికి కూడా చెప్పలేదు.

నీ పెద్దమ్మ