పార్సరు జోలికి వెళుతున్న అమ్మాయికి

చిరంజీవి చిన్నమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

పైథాన్ భాషలో రాసినదానిని నడిపే ఇంటర్‌ప్రెటర్ సోర్సు దించుకొని, కోడును వ్యాకరణం ప్రకారం విడదీసే దాని పార్సరులో, షరతు నిజం కానప్పుడే నడిచే ‘అన్‌లెస్’ అనే కొత్త వాక్యం చేర్చబోతున్నావని నిన్న మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఇంట్లో నా తరువాత ఆ గోతిలో దిగేవాళ్లు ఇంకొకరు తేలారని నవ్వాను గానీ, రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

పని వరస నీకు తెలిసే ఉంటుంది. గ్రామర్ ఫోల్డరులోని పైథాన్.గ్రామ్‌లో నియమం రాసి, ‘మేక్ రీజెన్-పెజెన్’ నడిపి పార్సరును మళ్లీ పుట్టించి, ఆ తరువాత ‘మేక్’తో మొత్తం కట్టించు. పార్సర్.సి ఆ గ్రామరు నుంచి పుట్టే ఫైలు. దానిని చేత్తో దిద్దితే మరుసటి రీజెన్‌కు నీ దిద్దుబాటు ఆనవాలు కూడా మిగలదు. పార్సరు కట్టే వాక్యవృక్షంలో (ఏఎస్‌టీ) కొత్త రకం నోడు పెట్టకు. షరతును ‘నాట్’తో చుట్టి, ఉన్న ‘ఇఫ్’ నోడునే కట్టించు. అప్పుడు ఆ వృక్షాన్ని నడిచే కోడుగా మార్చే కంపైలరును ముట్టుకోనక్కరలేదు.

ఇక నా భయం సంగతి. 1998లో మా కంపెనీ విద్యుత్ బిల్లుల లెక్కకు సొంతంగా ఒక చిన్న భాష నడిపేది. దాని పార్సరు, వ్యాకరణ నియమాలు ఇస్తే పార్సరును పుట్టించే బైసన్ అనే పనిముట్టుతో తయారైనది. ప్రతి ‘ఇఫ్’కూ చివర అది ముగిసిందని చెప్పే ‘ఎండిఫ్’ రాయలేక విసుగెత్తుతున్నామని ధరల పట్టిక రాసేవాళ్లు గోల చేస్తే, దానిని ఐచ్ఛికం చేశాను. బైసన్ వెంటనే 3 షిఫ్ట్-రెడ్యూస్ కాన్‌ఫ్లిక్టులు ఉన్నాయని చెప్పింది, అంటే తరువాతి మాటను కలుపుకోవాలో (షిఫ్ట్), ఉన్నదానిని అక్కడితో ముగించాలో (రెడ్యూస్) తేలని తగాదాలు. అవి ఎక్కడివో విప్పి చూడవలసినవాణ్ణి, ఇంటికి వెళ్లే తొందరలో ఫైలు పైన ‘%ఎక్స్‌పెక్ట్ 3’ అని, అంటే మూడు తగాదాలు ఉంటాయని తెలుసులే అని రాసి దాని నోరు మూయించాను. పాత స్క్రిప్టులన్నీ సరిగానే నడిచాయి కనుక ఎవరికీ అనుమానం రాలేదు.

రెండు నెలలకు ఒకాయన కొత్త పట్టిక రాశాడు. ఇంటి కనెక్షను అయితే, దాని కింద లోపలికి జరిపి, 200 యూనిట్లు దాటితే అదనపు రుసుము. మళ్లీ ఎడమ అంచున, పై ‘ఇఫ్’కు సూటిగా, ‘ఎల్స్’ వాణిజ్య ధర. కంటికి ఆ ‘ఎల్స్’ బయటి ‘ఇఫ్’దే. బైసన్ మాత్రం తగాదా వచ్చిన చోట షిఫ్టుకే మొగ్గుతుంది కనుక దానిని లోపలి ‘ఇఫ్’కు అంటించింది, ఫలితంగా 200 దాటని ఇళ్లన్నిటికీ దుకాణాల ధర పడింది. 60 యూనిట్ల బిల్లును ఎర్ర సిరాతో చుట్టి, కౌంటరు గుమాస్తా ఎవరో ఫాక్సు పంపేదాకా మాకు తెలియలేదు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది, సిరా గీత నల్లగా వచ్చింది.

పైథాన్‌లో లోపలికి జరపడమే వ్యాకరణం కనుక ఆ ‘ఎల్స్’ తంటా నీకు రాదులే అంటావు. నిజమే. కానీ నీ ఇబ్బంది మరో తీరుది. 3.9 వెర్షను నుంచి పైథాన్ పార్సరు పెగ్ అనే పద్ధతిది. నిలువు గీతల మధ్య రాసిన ప్రత్యామ్నాయాలలో ముందు సరిపోయినదే గెలుస్తుంది, తరువాతి దానిని చూడనైనా చూడదు. నాకు బైసన్ అరిచి చెప్పింది, నేనే చెవులు మూసుకున్నాను. నీకైతే ప్రతిసారీ అరిచేవారు ఉండరు. అందుకని ‘ఎల్స్’ ఉన్న రూపాన్ని ‘ఎల్స్’ లేని రూపం కంటే పైన పెట్టు, రెండింటికీ విడిగా పరీక్షలు రాయి, తప్పుగా రాసిన వాక్యాలకూ రాయి.

ఇంకొకటి. గ్రామరులో ఒంటి కొటేషన్లలో పెట్టిన మాట పూర్తి కీవర్డు అవుతుంది, ఇక దానిని ఎవరూ పేరుగా వాడుకోలేరు. జంట కొటేషన్లలో పెడితే 3.10లో వచ్చిన ‘మ్యాచ్’ లాగా సాఫ్ట్ కీవర్డు, మిగతా చోట్ల పేరుగానూ వాడుకోవచ్చు. 3.7లో ‘అసింక్’ పూర్తి కీవర్డు అయినప్పుడు, ఆ పేరుతో ఆర్గ్యుమెంటు పెట్టుకున్న లైబ్రరీలు సింటాక్స్ ఎర్రరుతో ఆగిపోయాయి. ‘అన్‌లెస్’ అని వేరియబులుకు పేరు పెట్టుకున్నవాడు ఎక్కడో ఒకడు ఉంటాడు.

పని అయ్యాక నువ్వు చేసిన మార్పులు చూపే డిఫ్ నాకు పంపు. పార్సర్.సి వద్దు, గ్రామరు ఫైలూ పరీక్షలూ చాలు. రాత్రి పది దాటాక మాత్రం పంపకు, నేను లేచి కూర్చుంటే మీ పెద్దమ్మ ఊరుకోదు.