మోకీలు మార్పిడికి ముందు రోగిని వెచ్చగా ఉంచడం నిజంగా అవసరమా?

మే నెలలో కర్నూలులో మీ అత్తగారికి మోకీలు మార్పిడి ఉందనీ, ఇంత ఎండలో చలి గురించి ఆలోచించాలా అనీ అడిగారు. ఆలోచించవలసిందే. ఇంప్లాంటు ఏ కంపెనీదని బంధువులంతా ఆరా తీస్తారు గానీ, నా దృష్టిలో ముందుగా అడగవలసినది ఇదే.

మా అమ్మకు కుడి మోకాలు మార్చినది కూడా ఇదే ఊళ్లో, మండు వేసవిలోనే. థియేటర్ పక్క గదిలో ఏసీ కింద, వెనుక నాడాలు కట్టే పలుచని గౌనుతో పడుకోబెట్టి, పైన ఒక పక్కగుడ్డ కప్పారు. ముందు కేసు ఆలస్యం కావడంతో అలాగే ఉంచేశారు. పాదాలు పట్టుకుంటే జిల్లుమన్నాయి. "చలికి సచ్చిపోతాండాను నాయనా, ఆ దుప్పటి కప్పు" అంది. ఇంటి దుప్పటి లోపలికి రానివ్వలేదు. ఆ నియమం సబబే, కానీ ఆసుపత్రి దుప్పటి ఇవ్వకపోవడానికి అది సాకు కాదు. ఆపరేషన్ అయ్యాక మంచం కమ్మీలు గలగలలాడేటట్లు వణికింది. స్పైనల్ (నడుము దగ్గర వెన్నులో ఇచ్చే మత్తు సూది) ఇస్తే వణుకు మామూలేనని సిస్టరు తేల్చేసింది.

ఆ 'మామూలే' అన్న మాటే నాకు మింగుడుపడదు. మత్తుతో కాళ్లలోని రక్తనాళాలు విప్పారి, ఒంటి లోపలి వేడి చల్లబడిన కాళ్లలోకి పారిపోతుంది. ముందే కాళ్లూ చేతులూ వెచ్చబడి ఉంటే ఆ నష్టం తగ్గుతుంది. అందుకే బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ సూచనలు మత్తుకు కనీసం 30 నిమిషాల ముందే వెచ్చబెట్టడం మొదలుపెట్టాలనీ, అత్యవసరమైతే తప్ప ఒంటి వేడి 36 డిగ్రీల సెల్సియస్‌కు తక్కువుంటే మత్తు ఇవ్వవద్దనీ చెబుతున్నాయి. 1996లో వచ్చిన ఒక అధ్యయనంలో, తుంటి కీలు మార్చినప్పుడు చల్లబడినవారు సగటున 2.2 లీటర్ల రక్తం కోల్పోగా, వెచ్చగా ఉంచినవారు 1.7 లీటర్లే కోల్పోయారు. అది తుంటి, మోకాలు కాదు కదా అని వాదించేవారుంటారు. కానీ ఒళ్లు చల్లబడితే రక్తం సరిగా గడ్డకట్టదు, ఆ గడ్డకట్టే తీరు కీలును బట్టి మారదు.

ఎడమ మోకాలికి వేరే ఆసుపత్రికి వెళ్లాము. అక్కడి మత్తు డాక్టరు ముందుగానే కాగితంలాంటి దుప్పటి కప్పించి, గొట్టం ద్వారా అందులోకి వేడిగాలి పంపించారు. అమ్మ కునుకు తీసింది. తరువాత వణుకు పెద్దగా రాలేదు.

మీరు కూడా మత్తు డాక్టరునే కలిసి, వేడిగాలి యంత్రం ఉందా, సెలైను 37 డిగ్రీలకు వెచ్చబెట్టి ఎక్కిస్తారా అని అడగండి. ప్రేమకొద్దీ వేడినీళ్ల సంచి మాత్రం కాళ్ల దగ్గర పెట్టవద్దు: స్పైనల్ తరువాత స్పర్శ ఉండదు కనుక చర్మం కాలినా ఆమెకు తెలియదు.