మూస ఏ సెక్షన్లో ఉందో చూపించు

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. ట్రాన్స్‌జెండర్ల చట్టబద్ధ గుర్తింపు గురించి రాస్తూ "సమాజంలో పాతుకుపోయిన మూస భావాలు" అని ఐదుసార్లు అన్నావు. ఆ మూస ఏ చట్టంలో, ఏ సెక్షన్లో ఉందో ఒక్కసారీ చూపించలేదు. చదివేవాడికి తలూపడం తప్ప పనేం మిగిలింది?

మన హైదరాబాద్‌నే తీసుకో. నిజాం జమానాలో, 1919లో వచ్చిన చట్టం "నపుంసకుల" పేర్లతో రిజిస్టరు పెట్టించింది. ఆడబట్టలతోనో నగలతోనో వీధిలో కనబడితే వారెంటు లేకుండా పట్టుకోవచ్చు, రెండేళ్ల దాకా జైలు. దొంగతనం చేసినందుకు కాదు, చీర కట్టినందుకు. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023 జులైలో! ఇలాంటి చోట విశేషణాలు దండగ. సెక్షన్‌ని మామూలు తెలుగులో చెప్పి ఊరుకో.

అన్నిచోట్లా మూస ఇంత పచ్చిగా బయటపడదు. 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల ప్రాధికార సంస్థ) కేసు తీర్పులో సుప్రీంకోర్టు, తన జెండర్ ఏదో నిర్ణయించుకునే హక్కు మనిషిదేనంది. ఆపరేషన్ కావాలని పట్టుబట్టడం చట్టవిరుద్ధమనీ అంది. 2019లో చేసిన ట్రాన్స్‌జెండర్ల హక్కుల చట్టం అప్పటి పాఠంలో, ఆరో సెక్షన్ ప్రకారం జిల్లా మేజిస్ట్రేట్ ఇచ్చేది "ట్రాన్స్‌జెండర్" అన్న సర్టిఫికెట్. "స్త్రీ" అనో "పురుషుడు" అనో కావాలంటే ఏడో సెక్షన్, దానికి ఆపరేషన్ అయినట్టు డాక్టరు కాగితం. తీర్పు వద్దన్న కత్తి ఏడో సెక్షన్లోంచి తిరిగొచ్చింది. నువ్వేమో రెండూ కలిపేసి "సర్టిఫికెట్ ఇస్తారు" అని దాటేశావు. చట్టాలకు సవరణలు వస్తుంటాయి; అచ్చుకు పంపే రోజున అమల్లో ఉన్న పాఠం చూసుకో.

2025 జూన్ నాటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పును గెలుపన్నావు. సగమే నిజం. పిల్లల్ని కనలేని ట్రాన్స్ మహిళ, భార్యను హింసించే భర్తనూ అత్తింటివాళ్లనూ శిక్షించే పాత ఐపీసీ 498ఏ కింద స్త్రీ కాదన్న భర్త తరఫు వాదనను కోర్టు ఒప్పుకోలేదు. "గొడ్రాలు" అన్న మాట ఇంకా చావని ఊళ్లు మనవి. ఆ వాదన ఎంతమంది ఆడవాళ్లకు తగులుతుందో నువ్వు అక్కడ ఆగి చెప్పాల్సింది. అయితే ఆరోపణలకు తగిన ఆధారాల్లేవని ఆ కేసును అదే తీర్పు కొట్టేసింది కూడా. అది దాచితే, తీర్పు చదివినవాడు నీ మిగతా వాక్యాలనూ నమ్మడు.

స్త్రీలపై వివక్షను రూపుమాపే ఐరాస ఒడంబడికకు "భారత్ కట్టుబడి ఉంది" అని తేల్చేశావు. మూస పాత్రల్ని మార్చమనే ఐదో అధికరణం ఉంది చూడు, 1993లో ఆమోదించేటప్పుడు మనవాళ్లు సరిగ్గా దానికే మెలిక పెట్టారు: ఏ సముదాయం వ్యక్తిగత వ్యవహారాల్లోనూ దాని చొరవ, సమ్మతి లేకుండా జోక్యం చేసుకోబోమని. ఆ మెలిక కూడా రాయి.

ఇక మాటల సంగతి. హిజ్రా, ట్రాన్స్‌జెండర్ ఒకటి కావు; మొదటిది ఒక సముదాయం పేరు, రెండోది అంతకన్నా విశాలమైన మాట. ట్రాన్స్ పురుషులు, అంటే ఆడబిడ్డ అని నమోదైనా తాము పురుషులమనేవాళ్లు, నీ వ్యాసంలో మచ్చుకైనా లేరు. "పుట్టుకతో మగవాడు" అని రాసినచోట "పుట్టినప్పుడు మగబిడ్డ అని నమోదు చేశారు" అని మార్చు. రెండు మాటలు ఎక్కువైనా, ఆ కాగితం రాసిన చెయ్యి కనబడుతుంది.