విడాకుల గొడవలో ఫోన్ మీద నిఘా పెట్టకండి

మొన్నామధ్య రాత్రి పదకొండు దాటాక ఒక అబ్బాయి ఫోన్ చేశాడు. అమెరికా వచ్చి ఇంకా రెండేళ్లు కాలేదు. "అక్కా, మా ఆవిడ ఫోన్లో ఒక యాప్ వేశాను. మెసేజ్‌లన్నీ నాకు కనిపిస్తున్నాయి. లాయర్‌కి చూపిస్తే కేసు మనదే కదా?" అన్నాడు. గొంతు వణుకుతోంది. "ముందు ఆ మెసేజ్‌లు చూడటం ఆపు. కంగారులో ఏదీ డిలీట్ చెయ్యకు, అది సాక్ష్యం మాయం చేసినట్టవుతుంది. పొద్దున్నే లాయర్‌కి ఉన్నదున్నట్టు చెప్పు" అన్నాను.

మొగుడూపెళ్లాల మధ్య దాపరికమేంటి, ఫోన్ కొన్నది నేను, బిల్లు కట్టేది నేను అనుకుంటారు మనవాళ్లు. ఇక్కడి చట్టం అలా చూడదు. ఇతరుల సంభాషణను దొంగచాటుగా వినడం, రికార్డు చెయ్యడం 1968 నుంచీ ఫెడరల్ నేరం. 1986లో ఈమెయిల్ లాంటి ఎలక్ట్రానిక్ సందేశాలనూ అందులో చేర్చారు. శిక్ష ఐదేళ్ల జైలు దాకా ఉండొచ్చు. అది కాక అవతలివాళ్లు సివిల్ దావా వేస్తే, నష్టం ఎంతో రుజువు చెయ్యకపోయినా, రోజుకు 100 డాలర్ల లెక్కన లేదా మొత్తం 10,000 డాలర్లు, ఏది ఎక్కువైతే అది కోర్టు ఇప్పించవచ్చు. వాళ్ల లాయర్ ఫీజు కూడా మీ మీదే పడొచ్చు. భార్యాభర్తలకు ఈ చట్టం వర్తించదని 1974లో ఒక ఫెడరల్ అప్పీల్ కోర్టు చెప్పిన మాట నిజమే. దక్షిణాది రాష్ట్రాల్లో కొన్నేళ్లు ఆ మాట చెల్లింది కూడా. 2003లో అట్లాంటాలోని అప్పీల్ కోర్టు దాన్ని పక్కన పెట్టేసింది.

ఇక్కడ ఒక తేడా బాగా గుర్తుపెట్టుకోండి. మీరు మాట్లాడుతున్న సంభాషణ వేరు, మీరు లేని సంభాషణ వేరు. టెక్సస్, న్యూజెర్సీ, న్యూయార్క్ లాంటి చోట్ల మీరు పాల్గొన్న మాటలను అవతలివాళ్లకు చెప్పకుండా రికార్డు చేసుకోవచ్చు. కాలిఫోర్నియా, వాషింగ్టన్, పెన్సిల్వేనియాల్లో ఆంతరంగిక సంభాషణకు అందరి అంగీకారమూ ఉండాలి. మీరు ఒక రాష్ట్రంలో, ఆవిడో ఆయనో ఇంకో రాష్ట్రంలో ఉంటే కఠినమైన చట్టమే వర్తిస్తుందనుకుని జాగ్రత్తపడండి. కారు సీటు కింద రికార్డర్ దాచడం, పిల్లాడి స్కూలు బ్యాగులో పెట్టి పంపడం, మీరు ఇంట్లో లేనప్పుడు హాల్లో కెమెరాకి ఆడియో ఆన్ చేసి వదలడం, ఇవన్నీ మీరు లేని సంభాషణ కిందికే వస్తాయి. పిల్లాడి బ్యాగు సంగతి వింటే నాకు మనసు చివుక్కుమంటుంది. వాడికి తెలిసిన రోజున ఇద్దరిలో ఎవరిని నమ్ముతాడు?

పాస్‌వర్డ్ విషయమూ అంతే. పెళ్లైన కొత్తలో తనే చెప్పింది కదా అంటారు. విడిపోయాక ఆ పాస్‌వర్డుతో మెయిల్ తెరిస్తే అనుమతి లేకుండా చొరబడ్డారని కేసు పెట్టొచ్చు. తను తన లాయర్‌తో జరిపిన ఉత్తరప్రత్యుత్తరాలు చదివారంటే మీ లాయర్ కూడా కేసు వదులుకోవాల్సి రావచ్చు. కారుకు జీపీఎస్ ట్రాకర్ పెట్టడం మీద రాష్ట్రానికో రూలు ఉంది. కారు ఇద్దరి పేరునా ఉంటే మరీ చిక్కు. లాయర్‌ని అడగకుండా ముట్టుకోకండి.

ఇండియా నుంచి వచ్చే సలహాల గురించి కూడా చెప్పాలి. రహస్యంగా రికార్డు చేసిన భార్యాభర్తల సంభాషణను విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జులైలో భారత సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అది చూసి "రికార్డ్ చేసి పెట్టుకో నాన్నా" అని పెద్దవాళ్లు ప్రేమతోనే చెబుతారు. ఆ తీర్పు ఇక్కడి కోర్టులో మిమ్మల్ని కాపాడదు.

వీసా మీద ఉన్నవాళ్లకు అసలు భయం వేరే ఉంది. వెంటపడి నిఘా పెట్టడం స్టాకింగ్ కేసుగా మారి శిక్ష పడితే, అది దేశం నుంచి పంపించెయ్యడానికి కారణమవుతుంది. గ్రీన్‌కార్డు ఉన్నా సరే. దగ్గరికి రావద్దని కోర్టు ఇచ్చిన ప్రొటెక్టివ్ ఆర్డర్‌ని మీరినా అదే ప్రమాదం. క్రిమినల్ కేసు నీడ పడితే విడాకుల లాయర్‌తో పాటు ఇమిగ్రేషన్ లాయర్‌నీ తప్పకుండా కలవండి.

ఇంతా చేసి ఆ రహస్యాలతో వచ్చేది తక్కువ. ఎవరి తప్పూ నిరూపించకుండా విడాకులు ఇచ్చే పద్ధతి 1970లో కాలిఫోర్నియాలో మొదలై, 2010లో న్యూయార్క్‌తో దేశమంతా వచ్చేసింది. చాలా కేసుల్లో జడ్జి చూసేది డబ్బూ, పిల్లలూ. డబ్బు దాచారని అనుమానముంటే బ్యాంకుకి సబ్‌పీనా, అంటే కాగితాలు ఇమ్మనే కోర్టు ఆదేశం, పంపించవచ్చు, ప్రమాణం చేయించి ప్రశ్నలు అడిగించవచ్చు. మీకు వచ్చిన మెసేజ్‌లు, జాయింట్ అకౌంట్ స్టేట్‌మెంట్లు, కలిసి వేసిన టాక్స్ రిటర్నులు మీవే, వాటిని భద్రం చేసుకోండి.

మీ ఫోన్ మీదే నిఘా ఉందని అనుమానమా? ఆ ఫోన్లో వెతకొద్దు, సలహా అడగొద్దు. స్నేహితురాలి ఫోన్ నుంచో లైబ్రరీ కంప్యూటర్ నుంచో కొత్త మెయిల్ తెరవండి. ఇంట్లో కొట్టే మనిషి ఉంటే యాప్‌ని తొందరపడి తీసెయ్యకండి, తెలిసిపోయిందని మీద పడొచ్చు. గృహహింస జాతీయ హెల్ప్‌లైన్ 1-800-799-7233, రాత్రీపగలూ పలుకుతుంది. భర్త ఉద్యోగ వీసా మీద ఆధారపడే హెచ్-4 వీసాతో ఉన్న చెల్లెళ్లు వీసా పోతుందన్న భయంతో ఇవన్నీ దిగమింగుతుంటారు. విడాకులతో హెచ్-4 పోయే మాట నిజమే, కానీ డిక్రీ రాకముందే అడిగితే దారులు ఉంటాయి. త్వరగా అడగండి.

ఆ అబ్బాయి మర్నాడే లాయర్ దగ్గరికి వెళ్లాడు. మెసేజ్‌లు కేసులో వాడలేదు. బ్యాంకు కాగితాలు సబ్‌పీనాతో వచ్చాయి. అతనికి కావలసిన లెక్కలన్నీ వాటిలోనే ఉన్నాయి.