స్కూలు చరిత్ర రాయబోతున్న చిన్నీకి

చిన్నీ,

మీ స్కూలు సావనీరు పని నీ నెత్తిన పెట్టారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. టెన్షన్ పడుతున్నావట. జీతమిచ్చే స్కూలు గురించి రాయాలంటే మొహమాటం సహజమే. హిస్టరీ చెప్పినదాన్ని కాబట్టి ఇలాంటి సావనీర్లు చాలానే తిరగేశాను. అన్నిట్లోనూ ఒకటే వరస: ఫలానా మదర్ హయాంలో ఈ బిల్డింగు, తర్వాతి మదర్ హయాంలో ఆ బిల్డింగు. సిస్టర్లు ఎవరికి చదువు చెప్పారు, ఏం చెప్పారు, ఎందుకు చెప్పారు అన్న సంగతి ఎక్కడా కనబడదు. నువ్వు ఈ మూడూ పట్టుకో. కాలాన్నిబట్టి జవాబులు మారుతూ వస్తాయి, నీకు కావలసిన కథ అందులోనే ఉంది.

మీ స్కూలు నడిపేది సెయింట్ జోసెఫ్ సిస్టర్లు కదా, మొదట ఆ పేరుతో ఎన్ని సభలు (అంటే సిస్టర్ల సంఘాలు) ఉన్నాయో చూసుకో. 1827లో పుదుచ్చేరికి వచ్చినవాళ్లు క్లూనీ సిస్టర్లు. 1849లో యానాంలో దిగిన మీవాళ్లు అనెసీ సిస్టర్లు. రెండు ఊళ్లూ అప్పట్లో ఫ్రెంచివాళ్ల చేతిలోనివే కాబట్టి కలగాపులగం చేసేయడం తేలిక. ఇంకో మెలిక, ఆనాటికి అనెసీ ఫ్రాన్సులో లేదు. ఆ సవాయ్ ప్రాంతం 1860 దాకా సార్డీనియా రాజ్యానిది.

కథ మాత్రం యానాం రేవులో మొదలుపెట్టకు, రెండు వందల ఏళ్లు వెనక్కి వెళ్లు. 1610లో అదే అనెసీలో ఫ్రాన్సిస్ డి సేల్స్ అనే బిషప్పు విజిటేషన్ అనే సిస్టర్ల సభ పెట్టాడు. సిస్టర్లు ఇళ్లకు వెళ్లి రోగుల్ని చూడాలని ఆయన కోరిక. మఠకన్యలు ప్రహరీ దాటకూడదన్నది చర్చి నియమం. పదేళ్లు తిరక్కుండానే వాళ్లు కూడా గోడల లోపలికి వెళ్లిపోవాల్సి వచ్చింది. 1650లో ఫ్రాన్సులోని లె ప్యుయిలో ఆరుగురు ఆడవాళ్లు మాత్రం గోడ కట్టుకోకుండా ఊళ్లోనే కాపురం పెట్టారు. పేద ఆడపిల్లలకు లేసు పని నేర్పారు, నాలుగు డబ్బులు సంపాదించుకుంటారని. మీ సిస్టర్లకు మూలం వీళ్లే. (లేసు అనగానే మన నర్సాపురానికి ముడిపెట్టాలనిపిస్తుంది. పెట్టకు. అది ప్రొటెస్టెంటు మిషనరీల వల్ల వచ్చింది.) ఫ్రెంచి విప్లవంలో సభ చెల్లాచెదురైంది, కొందరు సిస్టర్లను గిలటిన్ ఎక్కించారు. జైలు నుంచి బతికి బయటపడిన మదర్ సెయింట్ జాన్ ఫోంబోన్ 1807లో మళ్లీ నిలబెట్టింది. దీనికి ఒక పేరా చాలు.

నువ్వు ఎక్కువ సమయం పెట్టాల్సింది రిజిస్టర్ల మీద. ఆ రోజుల్లో మిషన్లలో మామూలుగా ఫీజు కట్టే దొరల పిల్లలకు, ఆంగ్లో ఇండియన్ పిల్లలకు ఒక బడి, స్థానిక పిల్లలకు, అనాథలకు ఇంకో బడి ఉండేవి. మీ దగ్గర ఎలా ఉండేదో అడ్మిషన్ రిజిస్టర్లో తండ్రి వృత్తి కాలమ్ చెప్పేస్తుంది. పదేళ్లకోసారి ఒక పేజీ తీసి చూడు. పేదపిల్లల కోసం పుట్టిన సభ సీటు కోసం క్యూ కట్టే స్కూలు దాకా ఎలా వచ్చిందో తెలుస్తుంది. మేనేజ్‌మెంటుకు ఇబ్బందిగా ఉంటుందని దాన్ని వదిలేయకు. ఆ ఫీజులతో ఏ ఉచిత బడి, ఏ హాస్టలు నడిచాయో లెక్క దొరికితే అదీ వెయ్యి. మతం మాట ఎవరైనా అడుగుతారు. సువార్త కోసమే ఓడ ఎక్కామని వాళ్లెన్నడూ దాచలేదు, నువ్వెందుకు దాచడం?

కాన్వెంటులో రోజువారీ సంగతులు రాసే పుస్తకం ఉంటుంది, పాతవి ఫ్రెంచిలో ఉంటాయి. ఫోన్‌లో అనువాదం చేసుకుని నమ్మేయకు, యానాంలోనో పుదుచ్చేరిలోనో చదవగలిగినవాళ్లను పట్టుకో. పాత సిస్టర్లకు మఠంలో చేరాక పేరు మారిపోయేది. ఇంటిపేరుతో ఒకచోట, మఠం పేరుతో మరోచోట కనిపించిన మనిషి ఒక్కరే కావచ్చు.

1965 దగ్గర ఆగి నింపాదిగా రాయి. రెండో వాటికన్ సభ (ప్రపంచంలోని కాథలిక్ బిషప్పులు రోములో జరుపుకున్న మహాసభ) ఆ ఏడాది అక్టోబరులో మఠాలన్నిటికీ ఒక పత్రం ఇచ్చింది: మీ స్థాపకుల ఉద్దేశం ఏమిటో వెనక్కి చూసుకోండి, నేటి కాలానికి తగ్గట్టు మారండి అని. దాంతో వేషం మారింది, మన దగ్గర చాలామంది చీరల్లోకి వచ్చారు. స్కూళ్లు వదిలి పల్లెల్లో ఆరోగ్యం పనికి, ఆడవాళ్ల సంఘాల పనికి వెళ్లినవాళ్లున్నారు. ఇదే నిజమైన పని అని కొందరు, బడి వదిలితే మనమెవరమని కొందరు అనుకున్న రోజులవి. పెద్ద సిస్టర్లను ఇద్దర్ని విడివిడిగా అడుగు, కలిపి కూర్చోబెడితే మర్యాదకు ఒకటే మాట చెబుతారు. క్లాసుల్లో సిస్టర్లు తగ్గి, నీలాంటి బయటి టీచర్లు ఎప్పటి నుంచి ఎక్కువయ్యారో హాజరు పట్టీల్లో లెక్కగట్టు. పాత ఆయాల్ని కూడా కలువు.

అనాథ పిల్లల రిజిస్టర్లలో పేర్లు, కులం, ఎక్కడ దొరికారన్న వివరం ఉంటాయి. వాళ్ల మనవలు మీ ఊళ్లోనే ఉండొచ్చు. ఆ పేజీల ఫొటోలు వెయ్యకు, సంఖ్యలు రాస్తే చాలు. రిజిస్టర్లు తెరిచే ముందు ప్రొవిన్షియల్ (మీ ప్రాంతపు సిస్టర్లందరికీ పెద్ద) దగ్గర కాగితం మీద అనుమతి తీసుకో.

మొదటి డ్రాఫ్టు నాకు పోస్టులో పంపు, వాట్సాప్‌లో చదవడానికి నా కళ్లు సహకరించడం లేదు.

నీ పెద్దమ్మ