పడవ నలుపు ఎందుకు వెలిసింది?

ప్రశ్న: భీమిలి తీరంలో తెల్లవారుజామున వల లాగే జాలర్లను బ్లాక్ అండ్ వైట్‌లో తీశాను. 12 ఫొటోలతో చిన్న ప్రదర్శన పెట్టాలని ఉంది. ఖరీదైన, మెరుపు లేని కాటన్ మ్యాట్ పేపర్ మీద ఒకటి ప్రింట్ చేయిస్తే, నల్లగా ఉండాల్సిన పడవ బూడిద రంగులో వచ్చింది. ఏ పేపర్ వాడాలి?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ముందు ప్రింట్ చేసినవాళ్లని ఒక మాట అడిగి తెలుసుకోండి. ప్రింట్ చేసినప్పుడు ప్రింటర్‌లో మ్యాట్ పేపర్ సెట్టింగ్ పెట్టారా? మ్యాట్ పేపర్లకు మ్యాట్ బ్లాక్, మెరుపున్న వాటికి ఫొటో బ్లాక్ అని నల్ల ఇంకులు రెండు ఉంటాయి. మ్యాట్ మీద ఫొటో బ్లాక్ పడితే నలుపు వెలిసినట్టే కనిపిస్తుంది.

అది సరిగ్గానే ఉందంటే ఇక పేపర్ స్వభావమే. మ్యాట్ మీద పడ్డ వెలుతురు నలువైపులా చెదురుతుంది. అందులో కొంత నలుపు మీద నుంచి కూడా మన కంటికి చేరుతుంది. అంతమాత్రాన కాటన్ పేపర్‌ని తీసిపారేయకండి. మా అమ్మమ్మ వరండాలో కూర్చుని వత్తులు చేస్తున్న ఫొటోని నేను హానెమ్యూలె కంపెనీ కాటన్ మ్యాట్ పేపర్ ఫొటో రాగ్ 308 జీఎస్ఎం (చదరపు మీటరుకు 308 గ్రాముల బరువు) మీద వేశాను. ఆ తెల్లచీర మడతలు, దూది, ముడతలు పడ్డ వేళ్లు అంత మెత్తగా మరే పేపర్ మీదా రాలేదు. ఆ ఫొటోలో చిక్కటి నలుపు ఎక్కడా లేదు, అందుకే కుదిరింది. మీ పడవలకు మాత్రం బరైటా అనే రకం పేపర్ కావాలి. అదే కంపెనీ ఫొటో రాగ్ బరైటా 315 జీఎస్ఎం కూడా కాటనే, కానీ పైన బేరియం సల్ఫేట్ పూత, కాస్త మెరుపు ఉంటాయి. నలుపు లోతుగా దిగుతుంది. గీతలు తొందరగా పడతాయి, అంచులు పట్టుకునే ఎత్తాలి.

నా మాట విని ప్యాకెట్ కొనేయకండి. మీ 12 ఫొటోల్లో అన్నిటికన్నా చీకటిది, అన్నిటికన్నా లేతది ఎంచుకోండి. రెండింటిలోంచీ 4 అంగుళాల ముక్కలు కత్తిరించి ఒకే ఏ4 షీటు మీద, ఆ పేపర్‌కి కంపెనీ ఇచ్చే ఐసీసీ ప్రొఫైల్‌తో (ఆ పేపర్ మీద రంగులు సరిగ్గా పడేలా చూసే ఫైల్) వేయించండి. రాత్రంతా ఆరనిచ్చి, ప్రదర్శన పెట్టే హాల్లో, ఆ లైట్ల కిందే చూడండి.

ప్రింట్లు అమ్మే ఆలోచన ఉంటే ఇంకో పరీక్ష చేయండి. చీకట్లో పేపర్ మీద నోట్లు చూసే యూవీ టార్చి వేయండి. నీలంగా బాగా వెలిగితే తెలుపు కోసం బ్రైటెనర్లు కలిపారని అర్థం. ఏళ్లు గడిచేకొద్దీ వాటి పని తగ్గి పేపర్ పసుపు తిరుగుతుంది. కొన్నవాళ్ల గోడ మీద అలా కాకూడదు కదా. కొద్ది రోజుల ప్రదర్శనకైతే టెన్షన్ అక్కర్లేదు.

మీది సముద్రపు గాలి కాబట్టి ఫ్రేమ్‌కి తొందరపడొద్దు. ఒకసారి వానాకాలంలో వేసిన ప్రింట్‌ని మర్నాడే ఫ్రేమ్ కట్టించాను. రెండు వారాలకు అద్దం లోపల పొగ పట్టినట్టు తెల్లటి పొర. ఇంకులోని ద్రవాలు పూర్తిగా ఆరకుండానే మూసేశాను. ఇప్పుడు కనీసం 24 గంటలు, వానల్లో మూడు రోజులు ఆరబెడుతున్నాను. పైన మామూలు తెల్లకాగితం పరిచి, తడిసినట్టయితే మారుస్తాను. ఫ్రేమ్‌లో అద్దానికి ప్రింట్ తగలకుండా మధ్యలో మౌంట్ బోర్డు (ఫొటో చుట్టూ వచ్చే మందపాటి అట్ట) పెట్టించండి.